మాల తీసిన మర్నాడు

పెళ్లిపత్రిక వెనకవైపు ఖాళీగా ఉంటుంది కదా, మా దగ్గర దావత్ చిట్టీ దానిమీదే రాస్తారు. మూడేళ్ల కింద మా అన్న కొడుకు పెళ్లికి రాసిన చిట్టీ మొన్న ఒక పాత పుస్తకంలోంచి జారిపడింది. చేతిరాత నాదే. మటన్ 80 కిలోలు. చికెన్ 40. సన్నబియ్యం 60. ఉల్లిగడ్డ, అల్లం, ఎల్లిగడ్డ, పుదీనా. బీర్లు 25 కాటన్లు. క్వార్టర్లు 4 కాటన్లు. కల్లు ఎంత దొరికితే అంత. ఐసుగడ్డలు 6. ప్లాస్టిక్ గ్లాసులు. అన్నిటికన్నా కింద, చోటు చాలక అంచు మీద వంకరగా, నీళ్ల క్యాన్లు. ఎన్ని కావాలో రాయలేదు. మే నెల చివరి వారం, ఎండ నలభై నాలుగు డిగ్రీలు, ఐదు వందల మంది చుట్టాలు. బీరు సీసాల లెక్క మాత్రం పొల్లు పోలేదు. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి నా పెన్ను ఆగిపోయింది.

రఘునాథపల్లి తెలియనివాళ్ల కోసం చెప్తాను. జనగామకూ స్టేషన్ ఘన్‌పూర్‌కూ నడుమ, 163వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే రైలుపట్టాలు కూడా ఊరి మీదుగానే పోతాయి. 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లా, ఆనాటి నుంచి జనగామ జిల్లా. పెళ్లిపత్రికల మీద ఇప్పటికీ కొందరం వరంగల్ అనే అచ్చేయిస్తాం, అది వేరే సంగతి. ఎండాకాలం వచ్చిందంటే ఇక్కడ ఊపిరి సలపదు. వైశాఖంలో పెళ్లిళ్లు, పెళ్లి మర్నాడు మగపెళ్లివారింట దావత్, ఎల్లమ్మ పండుగ, బొడ్రాయి పండుగ, సెలవులకు హైదరాబాద్ నుంచి దిగిన పిల్లలు, మామిడితోటల్లో మాపటేళ కూటాలు. ఏడాదంతా చూసుకోని మొహాలన్నీ ఈ రెండు నెలల్లో కలుసుకుంటాయి. నేను చెప్పబోయేది ఈ రెండు నెలల సంగతే.

మూడేళ్ల కిందటి ఆ దావత్‌కు వరుసకు బావ అయ్యే ఒకాయన వచ్చాడు. పేరు చెప్పను, చెప్పకపోయినా ఊళ్లో అందరికీ తెలుస్తుంది. అంతకుముందు ఏడాది ఆయన హనుమాన్ మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజుల దీక్ష, కొండగట్టులో మాల విరమణ. మాల తీసిన రాత్రే సీసా ముందు కూర్చునేవాళ్లు మనకు కొత్త కాదు. ఆయన కూర్చోలేదు. ఆ మర్నాడూ కూర్చోలేదు. అట్లా పదమూడు నెలలు గడిపాడు. చేసిన అప్పులు తీర్చాడు, ఇంటి ముందు రేకులు దించి స్లాబు పోయించే పనిలో పడ్డాడు. మా టెంటు కింద కూల్‌డ్రింక్ గ్లాసు పట్టుకుని ఒక మూలకు కూర్చున్నాడు.

ఇక చూడండి మన ప్రేమ! "ఏంది బావా, మా పిలగాని పెండ్లంటే లెక్కలేదా?" అని ఒకడు. "ఆడపిల్లలెక్క గా గ్లాసేంది?" అని ఇంకొకడు. "ఒక్కటేనే. ఒక్కటి ఏసుకుంటే ఏమైతది?" అని మూడోవాడు. ఇదంతా విన్నాక సీసా తీసుకుని లేచింది మాత్రం నేను. "నేను పోస్తున్న. నా మొఖం చూసి ఏసుకో" అన్నాను. ఆయన నోటితో వద్దనలేదు. కుడిచెయ్యి మెల్లగా మెడ దగ్గరికి పోయింది, పూసలను తడుముకున్నట్టు. మెడలో పూసలు లేవు. నేను పోశాను.

ఆ రాత్రి ఏమీ కాలేదు. యాక్సిడెంటు కాలేదు, కొట్లాట కాలేదు. ఆయన నడుచుకుంటూనే ఇంటికి పోయాడు. మేం బాగా మర్యాద చేశామని సంతోషపడ్డాం. పది రోజులకు ఆయన బెల్టుషాపు దగ్గర కనబడ్డాడు. వానాకాలం నాటికి స్లాబు పని ఆగింది. దసరా నాటికి ఆ ఇంట్లో ఏం జరిగిందో రాయడం నాకు తగదు. చెప్పే హక్కు ఆ ఇంటి ఆడమనిషిది.

మాల గురించి చాలాసార్లు ఆలోచించాను. మాల మెడలో ఉన్నన్నాళ్లు ఆ మనిషిని ఊరికి ఊరే కాపాడుతుంది. చిన్నపిల్లాడైనా 'స్వామీ' అంటాం. ఆయన ఎదురుగా నోరు జారితే నాలుక కరుచుకుంటాం. నిన్నటిదాకా పక్కన కూర్చుని తాగిన దోస్తు కూడా ఎదురుపడితే చేతిలో ఉన్నది వెనక్కి దాచుకుంటాడు. ఇంట్లో తలస్నానం చేసి పొయ్యి ముట్టిస్తారు. రంజాన్ నెలలో మన ముస్లిం దోస్తు విషయంలోనూ, శ్రమల దినాల్లో చర్చికి పోయే అన్న విషయంలోనూ ఇంతే. దీనికి కానిస్టేబుల్ లేడు, జరిమానా లేదు, జీవో లేదు. ఊరంతా మాట్లాడుకోకుండానే ఒక మాట మీద నిలబడుతుంది. అంటే ఒక మనిషి వద్దంటే ఆ వద్దును ఎట్లా కాపాడాలో మనకు బాగా తెలుసు. నలభై ఒక్క రోజులు నిష్ఠగా చేస్తాం. నలభై రెండో రోజు అదే మనం సీసా పట్టుకుని గడప దగ్గర నిలబడతాం. ఇన్నాళ్లూ మనం గౌరవించింది మనిషిని కాదు, పూసలను.

తాగుడు గురించి మాట్లాడితే తాగేవాడినే తిట్టడం మన అలవాటు. తాగుబోతు అనే ఒక్క మాటతో పని అయిపోతుంది. ఆ మాటలో పోసినవాడు ఉండడు, చిట్టీ రాసినవాడు ఉండడు, ఒక్కటే ఒక్కటే అన్న నలుగురు ఉండరు. ఈ రాత పోసేవాళ్ల కోసం. తాగేవాళ్లతో మాట్లాడేందుకు డాక్టర్లున్నారు, పెళ్లాలున్నారు, దేవుళ్లున్నారు. పోసేవాళ్లతో మాట్లాడేవాళ్లు లేరు. నేనూ తాగినవాణ్ణే, పోసినవాణ్ణే. అందుకే గురువులా కాక సాటివాడిలా మాట్లాడే వీలుందని అనుకుంటున్నాను.

ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినవాణ్ణి, లెక్క లేకుండా ఉండలేను. క్వార్టర్ సీసా 180 మిల్లీలీటర్లు. దాని మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే 77 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాలు, తూకానికి అటూఇటుగా 60 గ్రాములు. స్ట్రాంగ్ బీరు సీసా 650 మిల్లీలీటర్లు, 8 శాతం వేసుకుంటే 40 గ్రాములు. మన కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాముల దాకా మాత్రమే వదిలించగలదు. ఒక క్వార్టర్ పూర్తిగా దిగడానికి ఆరు నుంచి ఎనిమిదిన్నర గంటలు. రెండు క్వార్టర్లు వేసి రాత్రి పదకొండుకు పడుకున్నవాడు పొద్దున ఏడింటికి నిమ్మరసం తాగి, తలకు నీళ్లు పోసుకుని, 'దిగిపోయింది' అని బండి తాళం తీసుకుంటాడు. దిగలేదు. నిమ్మకాయకూ చన్నీళ్లకూ మజ్జిగకూ కాలేయాన్ని తొందరపెట్టే శక్తి లేదు. దానికి కావలసింది గంటలు, అంతే. మోటారు వాహనాల చట్టం గీసిన గీత 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. దాటితే మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు లేదా పదివేల రూపాయల జరిమానా, లేదంటే రెండూ. పొద్దున ఏడింటికి పట్టుబడినవాడు 'నేను రాత్రి తాగిన సార్' అని ఎంత నిజాయితీగా మొత్తుకున్నా లాభం లేదు, రక్తం రాత్రినీ పొద్దునూ వేరు చేయదు.

బీరు చలవ అంటారు చూడండి, ఎండాకాలంలో ఇంత అందంగా అమ్ముడుపోయే అబద్ధం ఇంకొకటి లేదు. చల్లగా ఉండేది సీసా. లోపలికి పోయాక అది చేసే పని వేరు. ఒంట్లో నీరు నిలిపి ఉంచమని మెదడు నుంచి మూత్రపిండాలకు ఒక కబురు పోతుంటుంది. ఆల్కహాలు ఆ కబురును అడ్డుకుంటుంది. అందుకే నాలుగు గుక్కలకోసారి టెంటు వెనక్కి నడక. తాగినదాంట్లో చాలావరకు బయటికే పోతుంది. పైన చెమట వేరే. అప్పటికే పొద్దంతా పెళ్లిపనుల్లో ఎండకు ఎండినవాడు, గొంతు ఆరిందని బీరు తాగుతాడు, ఇంకా ఆరుతుంది, ఇంకొకటి తాగుతాడు. వడదెబ్బ తగిలినప్పుడు తూలడం, మాట తడబడటం, వాంతులు, సోయి తప్పడం ఉంటాయి. మత్తులోనూ అవే ఉంటాయి. 'ఎక్కువైంది, పండనియ్యిరి' అని గోడ నీడకు జరిపి వదిలేసినవాడికి నిజంగా ఎక్కువైందో, వడదెబ్బే తగిలిందో పక్కనున్న మత్తు కళ్లకు ఏం తెలుస్తుంది?

బావుల సంగతి కూడా ఇదే. ఎండాకాలం వ్యవసాయ బావిలో ఈత మన పిల్లలకు పండుగ. మత్తులో మెట్ల మీంచి దూకినవాడికి నీళ్లెంత లోతున్నాయో, రాయి ఎక్కడుందో గుర్తుండదు. తోటలో కూటం అంటే పక్కన బావి ఉండనే ఉంటుంది. ఇంతకన్నా ఎక్కువ రాయను. ఇది చదివే ప్రతి ఊళ్లో ఒక బావి పేరు, ఆ బావితో ఒక పిల్లగాడి పేరు గుర్తుకొస్తాయి.

రహదారి మాట కొంచెం చెప్పాలి. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండొద్దని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న చెప్పింది. 20 వేల జనాభా దాటని ఊళ్లకు ఆ దూరాన్ని 2017 మార్చి 31న 220 మీటర్లు చేసింది. మనలాంటి ఊళ్లకు వర్తించేది ఆ రెండో లెక్క. దుకాణం దూరాన్ని టేపు పెట్టి కొలుస్తారు, సరే. మరి మన టెంటుకు టేపు ఎవరు పెడతారు? రోడ్డుకు ఆనుకుని ఉన్న ఫంక్షన్ హాలు పార్కింగులో, డీసీఎం తొట్టిలో, ట్రాక్టరు ట్రాలీ మీద పోసేటప్పుడు అది దుకాణం కాదు కాబట్టి తప్పు లేదు! పెళ్లిబృందం ఎక్కిన ట్రాక్టరు డ్రైవరుకు కూడా 'నువ్వొక్కనివి ఎందుకు ఉత్తగ కూసుంటవ్ తమ్మీ' అని ఒక గ్లాసు ఇచ్చే దయాగుణం మనది. ముప్పై మంది ప్రాణాలు ఆ తమ్ముడి స్టీరింగు మీద ఉన్నాయని తెలిసి కూడా.

'కల్లు మన సంస్కృతి గదా, దాన్నీ కాదంటవా?' అని నన్ను నిలదీసేవాళ్లున్నారు. అనను. మా మండలంలోనే ఖిలాషాపూర్ ఉంది, సర్దార్ సర్వాయి పాపన్న కోట. కల్లు గీసే ఇంట పుట్టినవాడు మొగలు అధికారులను ఎదిరించి, 1708లో ఓరుగల్లు మీద దాడిచేసి, 1710లో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన పుట్టిన మట్టిలో నిలబడి గీతవృత్తిని తక్కువ చేసేవాడు మూర్ఖుడు. మోకు, ముత్తాదు కట్టుకుని పొద్దుపొద్దున్నే తాడెక్కేవాడు ప్రాణాన్ని నడుముకు కట్టుకుని పనిచేస్తాడు. జారిపడి నడుములు విరిగినవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టే 2024లో ప్రభుత్వం 'కాటమయ్య రక్ష' పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎల్లమ్మకు సాకపోస్తే మొదటి చుక్క కల్లుదే. పెద్దవాళ్లు, ఆడవాళ్లు కూడా తాటిచెట్ల కింద కూర్చుని రేకలో ఇంత తాగి కష్టసుఖాలు చెప్పుకోవడం నేను చిన్నప్పటి నుంచి చూశాను.

కానీ ఆ కల్లుకు ఒక హద్దు ఉండేది. చెట్టు ఎంత ఇస్తే అంతే. లొట్టి ఖాళీ అయితే అందరూ లేచి ఇంటికి పోవాల్సిందే. గీసినవాడే పోసేవాడు, 'చాలు మామా, ఇగ లే' అనే చనువు అతనికి ఉండేది. క్వార్టర్ సీసాకు ఆ హద్దు ఏది? ఇరవై నాలుగు గంటలూ దొరికే బెల్టుషాపుకు లొట్టి ఖాళీ కావడం ఉండదు. ఇక కల్లు పేరుతో ఆల్ప్రాజోలం, డయాజిపాం కలిపిన నీళ్లు అమ్మే చోట సంస్కృతి అన్న మాట ఎత్తితే పాపన్నకే అవమానం. అయినా ఒకటి ఒప్పుకుంటాను. కల్లు పేరు చెప్పి కొన్ని ఇళ్లలో పసిపిల్లల నాలుకకు వేలితో చుక్క రాసి నవ్వుకుంటాం. అదేం ముచ్చటో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

మన ఆడవాళ్లకు ఈ గొడవ కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా దుకాణం మూయించారు. వాళ్లు చేసిన పనే తర్వాత అక్షరాస్యత పుస్తకంలో పాఠమై ఊరూరా తిరిగింది. సారా వేలంపాటలు సాగనివ్వలేదు. ఒక జిల్లా మంట రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకార వేదిక మీదే సంపూర్ణ నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. 1997లో ఎత్తేశారు. ఎందుకు ఎత్తేశారంటే ఖజానా, దొంగరవాణా, పక్క రాష్ట్రాల సీసాలు అని కారణాలు చెప్తారు. అవన్నీ నిజమే. ఆ రెండేళ్లలో పెళ్లిళ్లకు వెళ్లినవాణ్ణిగా నాకు ఇంకొకటి కూడా గుర్తుంది. నిషేధం ఉన్న రోజుల్లో దావత్‌లో మందు పెట్టినవాడి పరపతి ఇంకా పెరిగింది! 'దొరకని రోజులల్ల కూడా తెప్పిచ్చిండు' అని మెచ్చుకున్నాం. చట్టం మారింది, విందు మారలేదు. ఆడవాళ్లు దుకాణాన్ని మూయించగలిగారు, మన టెంటును మూయించలేకపోయారు. అది వాళ్ల పని కాదు, మనది.

సర్కారును తిట్టాలంటే నాకూ బోలెడంత ఉంది. రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాలను ఆపే ప్రయత్నం చేయమంటుంది. మన రాష్ట్రానికి మద్యం మీద ఏటా వచ్చేది 30,000 కోట్ల రూపాయల పైమాట. 2023లో 2,620 దుకాణాల లాటరీకి లక్ష దరఖాస్తులు దాటాయి. ఒక్కో దరఖాస్తుకు అప్పుడు రెండు లక్షలు, దుకాణం రాకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. అంత పోటీ దేనికి? మన గొంతుల మీద అంత నమ్మకం! ఆ నమ్మకాన్ని వాళ్లకు ఇచ్చింది మన చిట్టీలే. ఇక బెల్టుషాపు నడిపేవాడు పైనుంచి దిగినవాడు కాదు. మన వాడకట్టువాడే, మన దావత్‌కు పిలిస్తే వచ్చేవాడే. గ్రామసభలో తీర్మానం చేసి బెల్టుషాపులు మూయించిన ఊళ్లు మన తెలంగాణలో ఉన్నాయి. జనగామ జిల్లా కావాలని 2016లో ఇక్కడి జనం రోడ్ల మీద కూర్చున్నప్పుడు, దుకాణాలు వాటంతటవే మూసుకున్నప్పుడు, ఒక్క మాట మీద నిలబడటం మనకు చేతనవుతుందని మనమే చూశాం.

ఇంకో లెక్క ఉంది, దీని మీద నిలబడి ఆలోచించమని అడుగుతున్నాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో మద్యం తాగేవాళ్లు దేశం మొత్తంలో 19 శాతం, తెలంగాణలో 43 శాతం. అరుణాచల్ ప్రదేశ్ ఒక్కటే మనకన్నా ముందుంది. ఈ అంకె చెప్పి అందరూ సిగ్గుపడమంటారు. నేను దాన్ని తిప్పి చదువుతాను. మగవాళ్లలోనే నూటికి యాభై ఏడుగురు తాగరు. ఆడవాళ్లలో తాగేవాళ్లు ఏడు శాతం లోపే. అంటే ఏ దావత్‌కు పోయినా అక్కడ ఎక్కువమంది తాగనివాళ్లే. మరి టెంటులో మంచి చోటు, కూలర్ గాలి, మటన్ గిన్నెలో మెత్తటి ముక్కలు ఎవరి దగ్గరున్నాయి? ఒకసారి రాత్రి పది తర్వాత టెంటు అవతలికి నడిచి చూడండి. తినేసిన ఆడవాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో నిద్రపోయే పిల్లల్ని ఒళ్లో వేసుకుని, దోమలను కొట్టుకుంటూ, మగవాళ్లు ఎప్పుడు లేస్తారా అని చూస్తుంటారు. ఒకామె చీర కొంగుతో పిల్లవాడి మొహం మీద విసురుతూ ఇంటాయన గ్లాసు వైపు చూస్తుంటుంది, ఎన్నోదో లెక్క పెడుతూ. బండి ఎవరు నడుపుతారన్నది ఆమె లెక్క. పిలిచింది ఐదు వందల మందిని. విందు చేసింది ఎవరికి?

ఇకనుంచి దావత్‌లే చేయొద్దని నేను అనడం లేదు. ఏడాదికోసారి కలిసేవాళ్లం, కలవాలి. ఎవరి ఇష్టం వాళ్లది, పెద్దవాళ్లు. ఏ మోతాదైనా ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. అది తెలిసీ తాగేవాడు తాగుతాడు. కానీ పోసేవాడి మీద కొంత భారం ఉండాలి కదా. అన్నం ముందు పెడదాం. మా చిన్నప్పుడు దావత్ అంటే పొద్దుగూకగానే విస్తర్లు పడేవి, ఇప్పుడు పదకొండు దాటినా బగారా గిన్నె మూత తీయరు, ఖాళీ కడుపుల మీదే క్వార్టర్లు పోతుంటాయి. ఒకసారి వద్దన్నవాణ్ణి రెండోసారి అడగొద్దు, ఎందుకని కూడా అడగొద్దు. మందులు వాడుతున్నా అనో, మొక్కు ఉందనో అబద్ధం చెప్పుకునే అవసరం వాడికి రానివ్వొద్దు. ఇంటి పెద్దాయన ఒకరు తాగకుండా ఉండి బండి తాళాలు తన జేబులో వేసుకోవాలి. అల్లుడైనా సరే, సర్పంచ్ అయినా సరే, తాళం అడిగితే 'పొద్దుగాల ఇస్త, ఇయ్యాల ఈడనే పండు' అనాలి. అలిగితే అలగనీ. పదో తరగతి పిల్లగాణ్ణి ఐసు తేవడానికీ, గ్లాసులు కడగడానికీ, సోడా కలపడానికీ పిలవడం మానాలి. మన రాష్ట్రంలో మద్యం అమ్మాలంటే కొనేవాడికి 21 ఏళ్లు నిండాలి, మన టెంటులో పన్నెండేళ్లకే పిల్లవాడికి ఏ బ్రాండుకు ఏ మూతో తెలుస్తుంది. పని నేర్పింది మనమే.

ఆపాలనుకునేవాళ్ల గురించి ఒక ముఖ్యమైన మాట. ఏళ్లుగా రోజూ తాగుతున్నవాణ్ణి ఒక్కసారిగా ఆపమని ఇంట్లో గడియ పెట్టొద్దు. చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్, లేనివి కనబడటం లాంటివి వస్తే ప్రాణం మీదికి రావచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం పోటెత్తింది ఇందుకే. ఇది బుద్ధిలేమి కాదు, వైద్యం కావలసిన జబ్బు. వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. ఫోనులో మాట్లాడాలంటే టెలిమానస్ నంబరు 14416, వ్యసనాల కోసం 14446. పెళ్లిపత్రిక మీద ఫంక్షన్ హాలు దారి ముద్రిస్తున్నాం కదా, ఈ రెండు నంబర్లు కూడా ముద్రిస్తే ఎట్లుంటుందని నేనంటే మా అన్న నవ్వాడు. నాకు అది నవ్వులాటలా అనిపించలేదు.

మా చిన్నమ్మాయి పెళ్లి ఈ వైశాఖంలో. చిట్టీ మళ్లీ నేనే రాశాను. ఈసారి మొదటి వరుస నీళ్ల క్యాన్లు, 50 అని అంకె వేసి. తర్వాత మజ్జిగ, మటన్, బియ్యం, మిగతా వంటసామాను. మా అన్న పత్రిక తిరగేసి చూసి చాలాసేపు ఊరుకున్నాడు. "నలుగుర్ల ఇజ్జత్ పోతది తమ్మీ" అన్నాడు. పోనీ అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వియ్యాలవారికి ఫోనులో చెప్పేటప్పుడు నా గొంతు కూడా కొంచెం వణికిన మాట నిజం. అటునుంచి కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత పెళ్లికొడుకు తల్లి ఫోను అందుకుని, "మంచిగయింది అన్నయ్యా" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

మొన్న పత్రిక పట్టుకుని బావ ఇంటికి పోయాను. సంక్రాంతి నుంచి ఆయన మందులు వాడుతూ మళ్లీ ఆపాడని తెలుసు. ఆ సమయానికి ఇంట్లో లేడు, పొలం దగ్గర ఉన్నాడు. ఆయన భార్య, వరుసకు నాకు చెల్లె, గడపలోనే నిలబడింది. కుంకుమ పెట్టి పత్రిక ఇచ్చి, ఇద్దరూ తప్పకుండా రావాలన్నాను. ఆమె వెంటనే తలూపలేదు.

"ఆడ ఏమేం పెడుతున్నరన్నా?" అని అడిగింది.

ఆ ప్రశ్నలో ఏముందో నాకు అర్థమైంది. జేబులో చిట్టీ ఉంటే తీసి ఇచ్చాను. పొదుపు సంఘం లెక్కలు రాయడానికి అక్షరాలు నేర్చుకున్న మనిషి. వరుస కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, మెల్లగా చదివింది. చివరి వరుస దాకా చదివింది. తర్వాత చిట్టీని తిప్పి ఇటువైపు చూసింది, మళ్లీ అటువైపు చూసింది, ఇంకెక్కడైనా ఏమైనా రాసుందేమోనని. మడిచి నా చేతికి ఇచ్చింది.

"ఎండల వచ్చినవ్, నీళ్లు తాగుతవా అన్నా," అంటూ లోపలికి పోయింది.